జెద్దాలో ఆ రాత్రి తప్పెవరిది? గోల్డ్‌బర్గ్ ఎత్తలేకపోయాడా, అండర్‌టేకర్ లేవలేకపోయాడా?

2019 జూన్ 7, శుక్రవారం రాత్రి. సౌదీలో ఈద్ అయి మూడు రోజులే అయింది. జెద్దాలోని కింగ్ అబ్దుల్లా స్పోర్ట్స్ సిటీ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్ల సూపర్ షోడౌన్ నడుస్తోంది. ఆఖరి పోటీ గోల్డ్‌బర్గ్‌కీ అండర్‌టేకర్‌కీ. చిన్నప్పుడు ట్రంప్ కార్డులు పట్టుకుని "వీళ్లిద్దరికీ పడితే ఎవరు గెలుస్తారు" అని వాదించుకున్న తరానికి ఇది ఇరవై ఏళ్ల బాకీ. అంతకుముందు ఒక్కసారి కూడా ఈ ఇద్దరూ ఒకరి మీద ఒకరు పోటీకి దిగలేదు.

ఆ బాకీ తీరింది కానీ తీరిన తీరు ఎవరికీ నచ్చలేదు. పోటీ చివర్లో గోల్డ్‌బర్గ్ తన పేరుమోసిన జాక్‌హామర్ పట్టు వేయబోయాడు. అండర్‌టేకర్‌ని తలకిందులుగా పైకి లేపి, గాల్లో తిప్పి, వెల్లకిలా కింద పడేయాలి. అండర్‌టేకర్ పూర్తిగా పైకి లేవనే లేదు. సగంలోనే అదుపు తప్పి, తలా మెడా ముందు నేలకు తగిలేలా కిందికి వచ్చేశాడు. చూస్తున్నవాళ్ల గుండె ఒక్క క్షణం ఆగింది.

అదే రాత్రి రియాద్ కుర్రాడు మన్సూర్ యాభై మందికి పైగా దిగిన బ్యాటిల్ రాయల్‌ గెలిచాడు. సౌదీ జనానికి అది నిజమైన పండగ. కానీ ఇన్నేళ్ల తర్వాత కూడా జనం ఫోన్లలో తిరిగేది మన్సూర్ గెలుపు కాదు, ఆ జాక్‌హామర్ ముక్కే. అది కంటపడినప్పుడల్లా పాత వాదన మళ్లీ మొదలు. ఒక వర్గం అంటుంది, "గోల్డ్‌బర్గ్ పని అయిపోయింది, ఒంట్లో సత్తువ లేదు, ఎందుకు దిగాలి?" రెండో వర్గం అంటుంది, "లేపేవాడిదేం తప్పు? అండర్‌టేకరే మోకాళ్లు అరిగిపోయి ఎగరలేకపోయాడు." మూడో మాట ఇంట్లో పెద్దవాళ్లది, "అంతా డ్రామానే కదరా, దానికి ఇంత గొడవెందుకు?"

ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. అయితే ఆ మూడింటికీ జవాబు కావాలంటే ముందు ఒక సంగతి తెలియాలి. గోదాలో మనిషిని మనిషి ఎత్తడం అసలు ఎలా జరుగుతుంది?

అండర్‌టేకర్ బరువును డబ్ల్యూడబ్ల్యూఈ 309 పౌండ్లుగా ప్రకటిస్తుంది. అంటే 140 కిలోలు. ఇలాంటి లెక్కల్లో కాస్త ఉప్పూకారం ఎక్కువే ఉంటుందనుకోండి, అయినా చిన్న బరువేం కాదు. నిండు గ్యాస్ బండ సుమారు 30 కిలోలు ఉంటుంది. దాదాపు ఐదు నిండు బండలు కలిపి కట్టి తల మీదికి లేపినట్టు. పైగా బండకైతే పట్టుకోవడానికి పిడి ఉంటుంది. చెమటతో తడిసిన మనిషికి అదీ ఉండదు.

మరి ఎలా లేపుతారు? నిజం చెప్పాలంటే లేచేవాడే సగం లేస్తాడు. జాక్‌హామర్ లాంటి పట్టులో ఎదుటివాడి తలను చంకలో ఇరికించుకుని, నడుము దగ్గర బట్టను పట్టుకుంటారు. అక్కడి నుంచి ఇద్దరూ ఒకే లెక్కకు కదలాలి. లేచేవాడు మోకాళ్లు వంచి కాళ్లతో నేలను గట్టిగా తన్ని పైకి ఎగురుతాడు. లేపేవాడు అదే క్షణంలో వెనక్కి వంగి ఆ ఊపును అందుకుంటాడు. ఒళ్లు బిగించి కర్రలా ఉంచడం కూడా లేచేవాడి పనే. మెలకువగా ఉన్న పిల్లాడిని ఎత్తుకోవడం తేలిక, నిద్రపోయిన పిల్లాడిని మంచం మీదికి చేర్చడం కష్టం అని ప్రతి తల్లికీ తెలుసు. బరువు అదే. మెలకువగా ఉన్నవాడు మెడ పట్టుకుంటాడు, నడుముకు కాళ్లు చుడతాడు, మనకు సాయం చేస్తాడు. నిద్రపోయినవాడు బస్తాలా జారిపోతాడు. గోదాలోనూ అంతే.

ఇందులో ఒక ప్రమాదకరమైన చోటుంది. మనిషి నిలువుగా తలకిందులై లేపేవాడి భుజం మీదికి వచ్చేశాక బరువు ఎముకల మీద పడుతుంది, కాసేపు నిలబెట్టొచ్చు కూడా. నేల మీద ఉన్నప్పుడు ఎలాగూ భయం లేదు. అసలు కష్టం మధ్యలో, ఒళ్లు నేలకు అడ్డంగా ఉన్నప్పుడు. బరువంతా ఒంటికి దూరంగా ఉంటుంది, నడుమూ చేతులూ లాగేస్తాయి. మార్కెట్ యార్డులో హమాలీలను చూడండి. బస్తా ఒకసారి వీపు మీదికి చేరితే నడిచి వెళ్లిపోతారు. నేల మీద నుంచి వీపు దాకా చేర్చడానికే ఇంకో ఇద్దరు కావాలి. కాళ్ల తన్ను చాలకపోతే మనిషి ఆ మధ్యలోనే ఆగిపోతాడు. తల చంకలో ఇరుక్కుని ఉంటుంది కాబట్టి జారితే తలే ముందు వస్తుంది. జెద్దాలో జరిగింది ఇదే.

ఇక్కడ పెద్దవాళ్ల మాటకు వద్దాం. "సాయం చేసి లేస్తున్నాడంటే డ్రామానే కదా" అంటారు. ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు, నిజమే. అది దాచిపెట్టిన రహస్యం కూడా కాదిప్పుడు. కానీ దానికీ మన కుస్తీకీ తేడా ఎక్కడుందో చూడాలంటే గామా పహిల్వాన్ కథ ఒకటి చాలు.

1910 సెప్టెంబర్‌లో లండన్‌లో గామాకు పోలండ్ వస్తాదు స్టానిస్లాస్ జిబిస్కోతో కుస్తీ పడింది. గామా దెబ్బ చూసిన జిబిస్కో మొదట్లోనే గోదాలో బోర్లా పడి నేలకు అతుక్కుపోయాడు. గామా లాగాడు, తిప్పాడు, లేపబోయాడు. రెండు గంటలకు పైగా ఇదే తంతు. లేపి వెల్లకిలా వేయలేకపోయాడు, పోటీ తేలకుండా ముగిసింది. వారం తర్వాత మళ్లీ పెడితే జిబిస్కో రానే లేదు, గామానే విజేత అన్నారు. 1928లో పటియాలాలో ఇద్దరూ మళ్లీ కలిశారు. ఈసారి జిబిస్కో నిలబడి ఆడాడు, నిమిషం తిరక్కుండానే గామా చిత్తు చేశాడు.

గామాకు లండన్‌లో బలం తగ్గి, పటియాలాలో పద్దెనిమిదేళ్లు ముదిరాక పెరిగిందా? అదేం కాదు. లేవకూడదు అని ఎదుటివాడు గట్టిగా అనుకుని నేలను కరుచుకుంటే రుస్తుం-ఎ-జమాన్ అనిపించుకున్నవాడు కూడా లేపలేడు. అందుకే మన తాలీంలలో ఉస్తాదులు బలంతో ఎత్తడం నేర్పరు. ధోబీపాట్ చూడండి, ఎదుటివాడు ముందుకు తూలిన క్షణాన అతని చేయి పట్టి, తన వీపు కిందికి దూర్చి, చాకలి బండ మీద బట్ట వేసినట్టు వేస్తారు. అతని ఊపే అతన్ని లేపుతుంది.

అంటే టీవీ గోదాలో అంత బరువున్న మనిషి గాల్లోకి లేచాడంటే ఇద్దరి ఒప్పందం ఉందని అర్థం. బలం అబద్ధం అని కాదు. 1998లో గోల్డ్‌బర్గ్ ఇదే జాక్‌హామర్‌ను జెయింట్‌కు వేశాడు, మనకు తర్వాత బిగ్ షో పేరుతో తెలిసిన ఏడడుగుల మనిషికి. అంత ఆకారాన్ని గాల్లో నిలబెట్టడానికి నిజమైన బలమే కావాలి. మామూలు మనిషికి ఎంత సాయం చేసినా కుదరదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఎత్తలేకపోవడమే కొన్నిసార్లు కథలో భాగం. 1987 మార్చి 29న రెజిల్‌మేనియా మూడో మేళాలో హల్క్ హోగన్ మొదట్లోనే ఆండ్రే ద జెయింట్‌ని ఎత్తబోయాడు. 520 పౌండ్లని ప్రకటించిన మనిషి. హోగన్ నడుము విరిగినట్టు కూలాడు, ఆండ్రే అతని మీద పడ్డాడు. అంపైర్ లెక్క రెండు దగ్గర ఆగిందా, మూడు దాకా వెళ్లిందా అని పాత అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ వైఫల్యం కావాలని పెట్టింది. మొదట ఎత్తలేకపోతేనే చివర్లో ఎత్తినప్పుడు జనం పిచ్చెక్కిపోతారు. 2013లో రైబ్యాక్ కూడా మార్క్ హెన్రీని ఎత్తి, బరువు ఆగక కింద పడి ఓడాడు, అదీ కథే.

మరి జెద్దాది ఏది? అది కథ కాదు. అక్కడ తలా మెడా నేలకు తగిలేలా పడటం ఎవరూ రాసి పెట్టింది కాదు.

ఆ పోటీని మొదటి నుంచి చూస్తే సంగతి అర్థమవుతుంది. మధ్యలో గోల్డ్‌బర్గ్ మూలలోకి దూకుడుగా పరిగెత్తాడు. అండర్‌టేకర్ పక్కకు తప్పుకున్నాడు. గోల్డ్‌బర్గ్ తల గోదా మూలనున్న ఇనుప స్తంభానికి కొట్టుకుంది. నుదురు పగిలి రక్తం కారింది. రక్తం కన్నా పెద్ద దెబ్బ లోపల తగిలింది. అప్పటి నుంచి అతని నడకే మారిపోయింది. తర్వాత తనే అభిమానులకు చెప్పుకున్నాడు, తనను తానే స్పృహ తప్పేలా కొట్టుకున్నానని, పూర్తి చేయగలననుకున్నానని, మిమ్మల్ని నిరాశపరిచానని.

ఆ దెబ్బ తర్వాత జరిగినవి వరసగా చూడండి. అండర్‌టేకర్ టూమ్‌స్టోన్ వేశాడు. ఆ పట్టులో కిందివాడి తల, వేసేవాడి మోకాళ్లకన్నా పైనే ఉండాలి. మోకాళ్లు నేలను తాకినా తల తాకకూడదు. ఆ రోజు గోల్డ్‌బర్గ్ తల నేలకు తగిలినట్టే కనిపించింది. అప్పటికే దెబ్బ తిన్న తల అది. దాని తర్వాతే ఆ జాక్‌హామర్. ఆ తర్వాత టూమ్‌స్టోన్‌ను తిరగేసి గోల్డ్‌బర్గ్ తనే వేయబోయాడు, ఇద్దరూ కలిసి కుప్పకూలారు. చివరికి అండర్‌టేకర్ గొంతు పట్టి చోక్‌స్లామ్ వేసి ముగించాడు. ఆ చోక్‌స్లామ్‌ను కూడా గమనించండి, ఎత్తు చాలా తక్కువ. ఎందుకంటే అక్కడ ఎగరాల్సింది గోల్డ్‌బర్గ్. అతని కాళ్లలో ఎగిరే సత్తువ మిగల్లేదు.

నిమిషాల తేడాలో గోల్డ్‌బర్గ్ ఎత్తితే అండర్‌టేకర్ లేవలేదు, అండర్‌టేకర్ ఎత్తితే గోల్డ్‌బర్గ్ లేవలేదు. ఒక్కరి బలం లెక్క అయితే ఇలా రెండు వైపులా తప్పదు. ఇద్దరి లెక్కా తప్పింది. గోల్డ్‌బర్గ్‌కు అప్పటికి 52 ఏళ్లు, అండర్‌టేకర్‌కు 54. అండర్‌టేకర్ తుంటికి ఆపరేషన్ అయిన మనిషి. జూన్‌లో జెద్దా ఎలా ఉంటుందో అక్కడ పనిచేసి వచ్చిన మన వాళ్లను అడగండి, చెబుతారు. సముద్రం పక్క ఊరు, రాత్రి పూట కూడా ఒళ్లు జిగటగా ఉంటుంది, గుడ్డ పిండితే నీళ్లు కారతాయి. పైకప్పు లేని మైదానం, పైన లైట్ల వేడి. చెమటకు పట్టు జారుతుంది. దానికి తోడు ఈ ఇద్దరూ అంతకు ముందెప్పుడూ కలిసి ఆడింది లేదు. ఏళ్ల తరబడి ఒకరితో ఒకరు ఆడినవాళ్లకైతే ఎదుటివాడు ఎప్పుడు ఎగురుతాడో ఊపిరి విని తెలిసిపోతుంది.

నా మటుకు నాకు, "ఎవరు బలహీనుడు" అన్నది ఆ రాత్రి గురించి అడగాల్సిన ప్రశ్నే కాదు. తలకు దెబ్బ తగిలి తూలుతున్న మనిషిని ఇంకో మనిషి మెడను చేతుల్లోకి తీసుకోనిచ్చింది ఎవరు? ఎత్తడం కుదరకపోతే వదిలేసే దారి ఎప్పుడూ ఉంటుంది. లేవడం లేదని తెలియగానే ఎదుటివాడి కాళ్లు నేలకు దించి, ఇంకో పట్టులోకి వెళ్లిపోవచ్చు. అనుభవమున్నవాళ్లు రోజూ చేసేదే, చూసే మనకు తెలియను కూడా తెలియదు. ఆ నిర్ణయం తీసుకోవడానికి బుర్ర పనిచేయాలి. తలకు దెబ్బ తగిలినప్పుడు ముందు పోయేది అదే. నేను బాగానే ఉన్నాను అని అతనే చెబుతాడు, అతని మాట నమ్మకూడదు. గోదాలో అంపైర్ ఉండేది మూడు లెక్కపెట్టడానికి మాత్రమే కాదు. ఎవరికైనా నిజంగా దెబ్బ తగిలితే రెండు చేతులు తల మీద అడ్డంగా పెట్టి గుర్తు చూపించాలి, డాక్టర్లు పరిగెత్తుకు రావాలి. ఆ రాత్రి పోటీ చివరిదాకా నడిచింది. లక్షల మంది ఎదురుచూసిన పోటీని మధ్యలో ఆపడం ఎంత కష్టమో ఊహించగలం. అయినా ఆపాల్సింది.

ఎందుకంత గట్టిగా అంటున్నానో ఇంకో పేరు చెబితే తెలుస్తుంది. డారెన్ డ్రోజ్‌డోవ్, డ్రోజ్ అనేవారు. అమెరికా ఫుట్‌బాల్ ఆడి వచ్చినవాడు. 1999 అక్టోబర్ 5న న్యూయార్క్ దగ్గర ఒక పోటీలో డీలో బ్రౌన్ అతన్ని పవర్‌బాంబ్‌కు ఎత్తాడు. ఒంటి మీద వదులు చొక్కా, పట్టు సరిగా అందలేదు. తల మీద పడ్డాడు, మెడ ఎముక విరిగింది. అప్పుడు డ్రోజ్‌కు ముప్పై ఏళ్లు. మెడ కింద కదలిక దాదాపుగా పోయింది. 2023 జూన్‌లో చనిపోయేదాకా చక్రాల కుర్చీలోనే ఉన్నాడు. డీలో బ్రౌన్ మీద తనకు కోపం లేదని, అది ప్రమాదమేనని అతను చెబుతూ వచ్చాడు. ఆ దృశ్యాన్ని డబ్ల్యూడబ్ల్యూఈ ఎన్నడూ ప్రసారం చేయలేదు. అంతకు రెండేళ్ల ముందు, 1997 ఆగస్టులో, స్టోన్ కోల్డ్ ఆస్టిన్‌కు ఓవెన్ హార్ట్ వేసిన పైల్‌డ్రైవర్‌లో తల నేలకు తగిలి కాసేపు కాళ్లూ చేతులూ కదల్లేదు. ఎలాగో పోటీ ముగించాడు కానీ ఆ మెడ మళ్లీ మునుపటిలా కాలేదు, 2003లో ఆట మానేయాల్సి వచ్చింది.

వీళ్లంతా ఏళ్ల తరబడి నేర్చుకున్నవాళ్లు. రెజ్లింగ్ బడుల్లో మొదట నేర్పేది పడటమే. గడ్డం ఛాతీకి ఆనించడం, వీపు పైభాగం మొత్తం ఒకేసారి నేలకు తగిలేలా పడటం, చేతులు చాచి దెబ్బను పంచడం. వీళ్లు పడే నేల కూడా మన ఇంటి నేల లాంటిది కాదు, చెక్క పలకల మీద పల్చటి పరుపు, కింద ఇనుప దూలాలు, పడితే కాస్త ఊగుతుంది. అన్నీ ఉన్నా డ్రోజ్‌కు అలా అయింది.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. సెలవుల్లో అక్కాచెల్లెళ్ల పిల్లలు, అన్నదమ్ముల పిల్లలు నానమ్మ ఇంట్లో కలుస్తారు. నలుగురు మగపిల్లలు ఒక గదిలో చేరితే మంచం గోదా అయిపోతుంది, పెద్దోడు రోమన్ రీన్స్, చిన్నోడు రోజూ ఓడిపోయేవాడు. 2023 సెప్టెంబర్‌లో హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియానికి జాన్ సీనా వచ్చి వెళ్లాక ఈ సరదా ఇంకా పెరిగింది. ఆడుకోనివ్వకండి అని నేను అనను, కుస్తీ మనకు కొత్తేం కాదు. రుకానా అనే వస్తాదుతో ప్రవక్త (స) కుస్తీ పట్టిన సంగతి హదీసు గ్రంథాల్లో ఉంది, మన పెద్దలు పిల్లలకు చెప్పేదే.

కానీ ఒక్క తేడా పిల్లలకు చెప్పండి. టీవీలో లేచేవాడు తనే ఎగురుతున్నాడు. ఇంట్లో చిన్నోడికి ఎగరడం తెలియదు, గడ్డం ఆనించడం తెలియదు. పెద్దోడికి మధ్యలో దించడం తెలియదు. అందుకే తల కిందికి వచ్చే ఏ పట్టూ వద్దు, భుజం ఎత్తుకు మించి ఎవరినీ ఎత్తొద్దు, మెడ పట్టుకోవద్దు. నేల మీద మోకాళ్లతో పట్టుకుని తోసుకోవడం, ఒకరినొకరు తిప్పుకోవడం చేసుకోనివ్వండి, దాంట్లోనే చాలా సరదా ఉంది.

ఎప్పుడైనా పిల్లాడు తల మీదో మెడ మీదో పడితే గబుక్కున చంకల కింద చేతులు పెట్టి లేపడం మన అలవాటు. అది చేయొద్దు. మెడ నొప్పి అన్నా, చేతులు కాళ్లు తిమ్మిరి అన్నా, కదలడం లేదన్నా తలనూ మెడనూ ఉన్నచోటే ఉంచి 108కి ఫోన్ చేయండి. పైకి బాగానే లేచి ఆడుతున్నా ఆ రోజంతా కనిపెట్టి ఉండండి. వాంతులు, విడవని తలనొప్పి, మామూలుగా లేని మగత, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, మాట తడబడటం ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. "నాకేం కాలేదు అమ్మీ, ఇంకో ఆట ఆడతా" అని వాడే అంటాడు. జెద్దాలో గోల్డ్‌బర్గ్ కూడా పూర్తి చేయగలననే అనుకున్నాడు.

పిల్లాడికి నిజంగా ఆసక్తి ఉంటే దగ్గర్లో ఉస్తాదు ఉన్న తాలీంకో, జూడో క్లాసుకో పంపండి. జూడోలో మొదటి రోజులన్నీ పడటం నేర్చుకోవడానికే పోతాయి. పిల్లలు ఇంటికొచ్చి "ఇంకా ఏమీ నేర్పలేదు" అని విసుక్కుంటారు, అప్పుడు మానిపించకండి.